ఒకే రోజు, మూడు లెక్కలు: బ్లాగుకి నిజంగా ఎంతమంది వచ్చినట్టు?

మొన్న ఆదివారం మల్కాజిగిరిలో మా అక్కవాళ్ళింటికి పోయాను. చాయ్ చేతిలో పెట్టీ పెట్టకముందే ల్యాప్‌టాప్ నా ముందుకి తోసింది. అక్కకి ఒక వంటల బ్లాగుంది. సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు, గోంగూర మటన్, ఇట్లాంటివన్నీ తెలుగులోనే రాస్తది. స్క్రీన్ మీద మూడు ట్యాబులు తెరిచి పెట్టింది, హోస్టింగ్ ప్యానెల్లో (సైటుకి చోటు అద్దెకిచ్చే కంపెనీ ఇచ్చే పేజీ) నిన్నటి లెక్క మూడు వేల పైచిలుకు, వర్డ్‌ప్రెస్‌లో జెట్‌ప్యాక్ చూపించేది నాలుగొందల చిల్లర, గూగుల్ అనలిటిక్స్‌లో చూస్తే రెండొందలు కూడా లేవు. "తమ్మీ, నిన్న ఒక్క రోజే గదా, గీ మూడిట్ల ఏది నిజం?" అంది. బావ పక్కనుంచి "పెద్దది నిజమనుకో, సంతోషంగుంటవ్" అన్నాడు.

బావ చెప్పింది జోకే గానీ చాలామంది బ్లాగర్లు చేసేది అదే. నిజానికి మూడూ కరెక్టే, మూడూ వేర్వేరు వస్తువుల్ని లెక్కపెడుతున్నాయి అంతే. ఒక ఇరానీ హోటల్ అనుకోండి. గుమ్మం దగ్గర ఒకణ్ణి కూర్చోబెట్టి లోపలికొచ్చిన ప్రతివాణ్ణీ రాయమంటే చాయ్ తాగేవాళ్ళతో పాటు పాలు పోసేవాడు, సిలిండర్ తెచ్చేవాడు, అడ్రస్ అడిగి వెళ్ళిపోయేవాడు అందరూ ఆ పుస్తకంలోకి ఎక్కుతారు. వెయిటర్ని అడిగితే టేబుళ్ళ మీద పెట్టిన కప్పులు చెప్తాడు, కౌంటర్ మీద సేఠ్‌ని అడిగితే బిల్లులు చెప్తాడు, ఒకే బిల్లు మీద నలుగురు తాగి ఉండొచ్చు, ఒక్కడే నాలుగు కప్పులు తాగి ఉండొచ్చు. ఎవడూ అబద్ధమాడట్లేదు.

హోస్టింగ్ ప్యానెల్లో ఉండే ఏడబ్ల్యూస్టాట్స్ లాంటివి ఆ గుమ్మం దగ్గర కూర్చున్న మనిషి. సర్వర్ దగ్గరికి వచ్చిన ప్రతి అడుగు లాగ్ ఫైల్లో పడుతుంది, దాన్నే ఇవి చదివి చెప్తాయి. అందులో "హిట్స్" అనే కాలమ్ చూసి మురిసిపోవద్దు. ఒక పోస్టు తెరిస్తే పేజీ ఒక హిట్టు, అందులో పన్నెండు ఫోటోలుంటే పన్నెండు హిట్లు, స్టైల్ ఫైళ్ళు, స్క్రిప్టులు, ఫాంట్లు కలిపి ఇంకో ఇరవై. పైగా గూగుల్‌బాట్, బింగ్‌బాట్, ఈ మధ్య జీపీటీబాట్ లాంటి ఏఐ క్రాలర్లు, లాగిన్ పేజీ మీద పాస్‌వర్డులు ట్రై చేసే దొంగ బాట్లు అన్నీ వస్తూనే ఉంటాయి (బాట్ అంటే మనిషి లేకుండా తనంతట తానే సైట్లు తిరిగే ప్రోగ్రాము). పేరు చెప్పుకుని వచ్చే బాట్లని ఏడబ్ల్యూస్టాట్స్ వేరే పెడుతుంది గానీ, మామూలు బ్రౌజర్ వేషంలో వచ్చేవాటిని మనుషుల్లోనే కలిపేస్తుంది.

జెట్‌ప్యాక్, గూగుల్ అనలిటిక్స్ ఇంకో పద్ధతి. పేజీలో ఒక చిన్న జావాస్క్రిప్టు ముక్క ఉంటుంది, అది చదివేవాళ్ళ బ్రౌజర్లో నడిచినప్పుడు మాత్రమే లెక్క పడుతుంది. బాట్లలో చాలావరకు స్క్రిప్టు నడపవు, అందుకే అంకె ఒక్కసారిగా పడిపోతుంది. కానీ ఇక్కడ తప్పు రెండో వైపు జరుగుతుంది, యాడ్ బ్లాకర్ వాడేవాళ్ళు, బ్రేవ్ బ్రౌజర్ వాడేవాళ్ళు, ఎంఎంటీఎస్ రైల్లో సిగ్నల్ పోయి పేజీ సగం లోడయ్యేలోపే మూసేసినవాళ్ళు ఈ లెక్కలోకి రారు. అంటే లాగ్ ఎక్కువ చెప్తుంది, స్క్రిప్టు తక్కువ చెప్తుంది, అసలు సంఖ్య మధ్యలో ఎక్కడో ఉంటుంది.

మరి ఆ రెండిట్లోనే నాలుగొందలకీ రెండొందలకీ తేడా ఎందుకు? అక్క జెట్‌ప్యాక్‌లో చూసింది వ్యూస్, అనలిటిక్స్‌లో చూసింది యూజర్స్. ఒకావిడ సర్వపిండి చదివి అక్కణ్ణుంచి పచ్చిపులుసుకి పోతే రెండు వ్యూలు, ఒక యూజరు. అక్క కిలోల్నీ డజన్లనీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ అని చూస్తోందన్నమాట. "గంతేనా?" అంది. గంతే.

కాకపోతే ఈ యూజర్ అనేవాడు కూడా మనిషి కాడు. బ్రౌజర్లో దాచిన ఒక కుకీ, అంటే చిన్న గుర్తు చీటీ. పగలు ఆఫీసు కంప్యూటర్లో, రాత్రి ఫోన్‌లో చదివితే ఇద్దరు, ఇంట్లో అందరూ ఒకే ట్యాబ్లెట్ వాడితే ఒక్కరు. ఫేస్‌బుక్‌లో లింక్ నొక్కితే దాని లోపలి బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది, అదే మనిషి మళ్ళీ క్రోమ్‌లో వస్తే ఇంకో కొత్త మనిషి. ఐఫోన్ సఫారీ అయితే ఇలా స్క్రిప్టు పెట్టిన కుకీని ఏడు రోజులకే తీసేస్తుంది, కాబట్టి పది రోజులకోసారి వచ్చే మీ పాత అభిమాని ప్రతిసారీ కొత్తవాడే. సెషన్ అనే ఇంకో మాట ఉంది, అరగంట ఏ కదలికా లేకపోతే సెషన్ అయిపోయినట్టు లెక్క. గోంగూర మటన్ పోస్టు చూస్తూ మటన్‌కి ఉప్పూ పసుపూ పట్టించి గంట పక్కన పెట్టి మళ్ళీ వచ్చిందనుకోండి, ఒకే వంటకి రెండు సెషన్లు.

ఇదేం కొత్త గోల కూడా కాదు. లేఖినిలో టైపు చేసి, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపించే కూడలిలో, హారంలో, జల్లెడలో, మాలికలో మన టపా ఎప్పుడు పైకొస్తుందా అని చూసుకునే రోజుల్లో (అప్పట్లో పోస్టు అనేవాళ్ళం కాదు, టపా అనేవాళ్ళం, ఇప్పటికీ ఆ మాటంటే నాకిష్టం) బ్లాగు అడుగున తిరిగే కౌంటర్ పెట్టుకోవడం ఒక ముచ్చట. స్టాట్‌కౌంటర్ 1999 నుంచీ ఉంది, ఇప్పటికీ నడుస్తోంది. అప్పుడూ గొడవ ఇదే, నీ కౌంటర్లో ఎంత, నా కౌంటర్లో ఎంత, మరి అలెక్సా ర్యాంకెంత (ఏ సైటుకి ఎంత జనం వస్తారో అంచనా వేసి ఇచ్చే ర్యాంకు). ఆ అలెక్సా ర్యాంకునే అమెజాన్ 2022 మే 1న మూసేసింది, ర్యాంకు కోసం కొట్టుకున్నవాళ్ళం అందరం మిగిలాం. గూగుల్ అనలిటిక్స్ 2005లో వచ్చింది, అర్చిన్ అనే కంపెనీని కొని దాన్నే ఆ పేరుతో ఉచితంగా వదిలారు, లింకుల చివర తగిలించే యూటీఎం అనే మాటలో యూ అంటే ఆ అర్చినే.

2023 జులై 1 నుంచి పాత యూనివర్సల్ అనలిటిక్స్ ఆగిపోయి అందరం జీఏ4కి, అంటే కొత్త గూగుల్ అనలిటిక్స్ 4కి రావాల్సొచ్చింది. పాతదానికీ దీనికీ బౌన్స్ రేట్ అనే మాట ఒకటే గానీ అర్థం వేరు. పాతదాంట్లో ఒక్క పేజీ చూసి ఇంకేం నొక్కకుండా వెళ్ళిపోతే బౌన్స్, పది నిమిషాలు చదివినా సరే బౌన్సే, ఎంతసేపున్నాడో కూడా సున్నా అనే పడేది ఎందుకంటే రెండో పేజీ తెరిస్తే గానీ మొదటి పేజీ టైము లెక్కకట్టే వీలు దానికి లేదు. వంటల బ్లాగుకి ఇది చాలా అన్యాయం, సకినాలు ఎట్లా చేయాలో చూసుకుని పోయినామె పని అయిపోయి పోయింది, నచ్చక పోలేదు కదా. జీఏ4లో పది సెకన్లు దాటినా, రెండు పేజీలు చూసినా, మీరు ముఖ్యమని గుర్తుపెట్టిన పనేదైనా చేసినా అది ఎంగేజ్డ్ సెషన్, మిగిలింది బౌన్స్. ఆ పది సెకన్లని అరవై దాకా పెంచుకోవచ్చు. ట్యాబ్ కళ్ళముందు ఉన్నంతసేపే టైము లెక్కేస్తుంది, అందుకే అక్క పులిహోర పోస్టుకి సగటు టైము చాలా ఎక్కువ కనిపిస్తోంది, జనం ఫోన్ ఆరిపోకుండా పెట్టి పొయ్యి పక్కన నిలబెట్టుకుంటారు మరి.

జీఏ4లో ముందు సరిచేయాల్సినవి రెండే. ఒకటి టైమ్ జోన్. సెటప్‌లో చూసుకోకుండా నెక్స్ట్ నెక్స్ట్ కొట్టేస్తే అమెరికా పసిఫిక్ టైములో ఉండిపోతుంది, మనకి శనివారం పొద్దున తొమ్మిదైతే అక్కడ ఇంకా శుక్రవారం సాయంత్రం, మీ శనివారం పోస్టుకొచ్చిన జనం శుక్రవారం ఖాతాలో పడతారు. అక్కది అట్లనే ఉంది. రెండోది డేటా ఎన్ని రోజులు దాచాలన్న సెట్టింగ్, మొదట్లో రెండు నెలలే ఉంటుంది, పద్నాలుగుకి మార్చుకోవచ్చు. ఇది మామూలు రిపోర్టులకి అడ్డం రాదు గానీ ఎక్స్‌ప్లోరేషన్స్‌లో మీరే సొంతంగా తవ్వుకునేటప్పుడు రెండు నెలల వెనక ఏమీ దొరకదు. మారిస్తే అప్పట్నుంచే పనిచేస్తుంది, పోయింది తిరిగి రాదు.

ఇక డైరెక్ట్ అనే మిస్టరీ. అక్క రిపోర్టులో సగానికి సగం "డైరెక్ట్" అని ఉంది. అడ్రస్ టైపు చేసి వచ్చేవాళ్ళు అంతమంది ఉంటారా, ఆ పొడవు అడ్రస్ నేనే టైపు చేయలేను. అదంతా వాట్సాప్. యాప్‌లోంచి లింకు నొక్కితే ఎక్కణ్ణుంచి వచ్చాడన్న చీటీ వెంట రాదు, చీటీ లేనివాళ్ళందర్నీ డైరెక్ట్ అనే గంపలో వేస్తుంది అనలిటిక్స్. మన దగ్గర పోస్టులు తిరిగేదే అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, చుట్టాల గ్రూపుల్లో కాబట్టి ఈ గంప పెద్దదవుతుంది. మందు యూటీఎం, వాట్సాప్‌లో పంపే లింకు చివర సోర్స్ వాట్సాప్, క్యాంపెయిన్ సంక్రాంతి అని తగిలించి పంపితే అది వేరే లైనులో పడుతుంది. పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా ఉంటే వేరే పేర్లుగా లెక్కేస్తుంది కాబట్టి ఎప్పుడూ చిన్న అక్షరాలే వాడండి. చదివినవాళ్ళు ఫార్వర్డ్ చేసినా ఆ తోక అట్లే పోతుంది, అది ఒకందుకు మంచిదే.

ఊళ్ళ లిస్టు దగ్గర మాత్రం అక్క చాలా బాధపడింది. కరీంనగర్‌లో మా పిన్ని రోజూ చదువుతుంది, లిస్టులో కరీంనగర్ దాదాపు లేదు, అంతా హైదరాబాదే. ఊరిని ఐపీ అడ్రస్ చూసి అంచనా వేస్తారు, మొబైల్ డేటాలో ఆ ఐపీ మీ ఊరిది కాకుండా ఆపరేటర్ పెద్ద సెంటర్ ఎక్కడుంటే అక్కడిది అయ్యుండొచ్చు. ఇంకో వింత, లిస్టులో మూడో ఊరు యాష్‌బర్న్, వర్జీనియా. అక్క దాన్ని చూసి అమెరికాలో మనవాళ్ళు ఎంతమంది చదువుతున్నరో అని ఆ నెలంతా సంబరపడిందట. యాష్‌బర్న్ చుట్టుపక్కల పెద్ద పెద్ద డేటా సెంటర్లుంటాయి, అమెజాన్‌వి కూడా, అక్కడి సర్వర్లలో నడిచే బాట్లు స్క్రిప్టు కూడా నడిపితే ఇట్లా మనుషుల్లాగా కనిపిస్తాయి. చిక్కేంటంటే అక్కడ తెలుగువాళ్ళు కూడా నిజంగానే బోలెడంత మంది ఉంటారు. అందుకని ఊరు పేరు చూసి కొట్టేయలేం, ఎంగేజ్‌మెంట్ టైము కూడా పక్కన పెట్టి చూడాలి, సున్నా సెకన్లు ఉన్నవి చాలావరకు బాట్లు, మూడు నాలుగు నిమిషాలున్నవి సకినాలు చేసుకునేవాళ్ళు.

ఇప్పుడు తెలుగులో రాసేవాళ్ళకి మాత్రమే ఉండే తలనొప్పి, దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. బ్లాగర్‌లో తెలుగు టైటిల్ పెట్టి పబ్లిష్ చేస్తే అడ్రస్‌లో తెలుగు అక్షరాలన్నీ పోయి ఉత్తి "బ్లాగ్-పోస్ట్_12" అని ఇంగ్లీషులో మిగులుతుంది, రిపోర్టులో చూస్తే అన్నీ బ్లాగ్ పోస్టులే, ఏది ఏదో దేవుడికెరుక. వర్డ్‌ప్రెస్ ఇంకో రకం, తెలుగు అక్షరాన్ని ఉంచుతుంది కానీ లోపల ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతం గుర్తుకీ, వత్తు కోసం పెట్టే పొల్లుకి కూడా మూడు బైట్లు, అడ్రస్‌లో రాస్తే %ఈ0 అని మొదలయ్యే తొమ్మిది అక్షరాలు. అడ్రస్ ముక్కకి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 అక్షరాలే, అంటే తెలుగులో ఇరవై రెండు గుర్తులకి మించి పట్టవు. అక్క "తెలంగాణ సకినాలు తయారు చేసే విధానం" అని టైటిల్ పెడితే అడ్రస్ "తెలంగాణ-సకినాలు-తయారు-చే" దగ్గర ఆగిపోయింది. చే అంటే ఏం చే? దాన్ని వాట్సాప్‌లో పేస్టు చేస్తే ఆరు లైన్ల పర్సెంట్ గుర్తులు, మా పెద్దమ్మ వైరస్ అనుకుని డిలీట్ చేసింది.

చేయాల్సింది చిన్న పనే. పబ్లిష్ నొక్కే ముందే అడ్రస్ ముక్కని ఇంగ్లీషు అక్షరాల్లో సకినాలు అని మీరే రాసేయండి, బ్లాగర్‌లో అయితే కస్టమ్ పెర్మాలింక్ అని ఉంటుంది. పాత పోస్టులవి కదపొద్దు, ఇప్పటికే ఎక్కడెక్కడో తిరుగుతున్న లింకులు అవి. తప్పక మార్చాల్సొస్తే రీడైరెక్షన్ అనే ప్లగిన్ (వర్డ్‌ప్రెస్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) ఉంది, పాత అడ్రస్‌కి వచ్చినవాణ్ణి కొత్తదానికి పంపుతుంది. ఇక రిపోర్టు అర్థమవ్వాలంటే జీఏ4లో పేజెస్ అండ్ స్క్రీన్స్‌కి పోయి పేజ్ పాత్ అన్నచోట పేజ్ టైటిల్ అని మార్చండి, శుభ్రంగా తెలుగులో కనిపిస్తుంది. ఇది చూపించినప్పుడు అక్క ముఖం చూడాలి.

ప్లగిన్ల సంగతికొస్తే అక్క దగ్గర ముప్పై ఒకటి ఉన్నాయి. ఎవరో యూట్యూబ్‌లో తప్పనిసరి ప్లగిన్లు అని చెప్పగానే పోయి వేసేసింది, మైత్రీవనం దగ్గర ఫ్లెక్సీలు చూసి ప్రతి కోర్సులో చేరినట్టు. ఒక్కో ప్లగిన్ తన స్క్రిప్టు, తన స్టైల్ ఫైలు పేజీలోకి తెస్తుంది, షేర్ బటన్ల కోసమే మూడు ప్లగిన్లు. నాలుగు తెలుగు ఫాంట్లు కూడా ఎక్కించింది, మండలి ఒకచోట, రామభద్ర ఒకచోట. తెలుగు ఫాంటంటే ఇంగ్లీషు దానిలాగా చిన్నది కాదు, వత్తులూ గుణింతాల కలయికలన్నీ అందులోనే ఉండాలి కదా, ఫైలు బరువు. గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో అడ్రస్ పెట్టి మొబైల్ స్కోరు చూస్తే అర్థమైపోతుంది. పేజీలో అన్నిటికంటే పెద్ద ముక్క, బొమ్మయినా రాతయినా, రెండున్నర సెకన్లలోపు కనబడాలని వాళ్ళ కొలత, అక్కది ఏడు దాటింది. హెడ్డింగుకి ఒక ఫాంటు ఉంచి మిగతాది ఫోన్‌లో ఉన్న ఫాంటుకే వదిలేశాం.

ఉంచినవి ఏంటంటే, బ్యాకప్‌కి అప్‌డ్రాఫ్ట్‌ప్లస్, అది గూగుల్ డ్రైవ్‌లోకి కాపీ పంపుతుంది (హోస్టింగ్ సర్వర్లోనే బ్యాకప్ పెట్టుకోవడం అంటే ఇంటి తాళంచెవి ఇంట్లోనే పెట్టి తాళం వేయడం), స్పామ్ కామెంట్లకి 2005 నుంచీ ఉన్న అకిస్మెట్, ఫోటోలు చిన్నవి చేయడానికి ఒకటి, క్యాషింగ్‌కి డబ్ల్యూపీ సూపర్ క్యాష్, అనలిటిక్స్, సెర్చ్ కన్సోల్ (దాని సంగతి తర్వాత చెప్తా) కలపడానికి గూగుల్ వాళ్ళదే సైట్ కిట్. సైట్ కిట్‌లో ఇంకో లాభం, లాగిన్ అయ్యున్నప్పుడు మన సొంత రాకపోకల్ని లెక్కేయదు, రోజుకి ఇరవైసార్లు తన పోస్టు తనే తెరిచి చూసుకునే అక్కకి ఇది చాలా అవసరం.

క్యాషింగ్ దగ్గర ఒక మెలిక ఉంది. ప్రతిసారీ పేజీని కొత్తగా వండకుండా ఒకసారి వండింది దాచి అందరికీ అదే వడ్డించడమే క్యాషింగ్. కానీ పోస్టు కింద "ఇప్పటిదాకా ఇంతమంది చదివారు" అని చూపించే ప్లగిన్లలో కొన్ని, పేజీ వండేటప్పుడే లెక్క ఒకటి పెంచుతాయి. వంటే జరగకపోతే లెక్కెట్లా పెరుగుతుంది? క్యాషింగ్ పెట్టిన రోజు నుంచి అక్క కౌంటర్ ఎక్కడిదక్కడ ఆగిపోయింది, ఆమె ఏమో జనం రావట్లేదని దిగులు.

గూగుల్‌లో పైకి రావడానికి సాయపడే యోస్ట్ ఎస్ఈఓ ప్లగిన్‌ని తీసేయమని చెప్పలేదు, సైట్‌మ్యాప్‌కీ (గూగుల్‌కి ఇచ్చే పేజీల జాబితా) సెర్చ్‌లో కనిపించే వివరణ రాసుకోవడానికీ బాగుంటుంది. కానీ అది వెలిగించే ఎర్రబల్బులకి భయపడొద్దన్నాను. మన భాషలో సకినాలు అన్న మాట సకినాలకి, సకినాల్లో, సకినాలంటే అని సాగుతుంది, దానికి తెలుగు వ్యాకరణం రాదు, ఇవన్నీ ఒకే మాటని తెలియదు, కీవర్డు సరిపోలేదని ఎర్రబల్బు వేస్తుంది. అక్క పాపం దాని కోసం వాక్యాలన్నీ విరగ్గొట్టి ప్రతి లైన్లో సకినాలు, సకినాలు అని రాసింది. "చదివితే నాకే విసుగొస్తుంది" అంది, అదే అసలు పరీక్ష. చదవడానికి పట్టే టైము చూపించే ప్లగిన్లదీ ఇదే కథ, కొన్ని ఇంగ్లీషు అక్షరాలుంటేనే పదంగా గుర్తుపడతాయి, మీరు మూడు పేజీలు రాసినా ఒక నిమిషం లోపే అంటాయి.

డబ్బులు కట్టాల్సిన ప్లగిన్ ఉచితంగా ఎవరైనా టెలిగ్రామ్‌లో ఇస్తున్నారంటే మాత్రం ముట్టుకోవద్దు. తాళాలు పగలగొట్టి ఇచ్చేవాడు తన తాళంచెవి ఒకటి లోపల పెట్టే ఇస్తాడు. వర్డ్‌ప్రెస్ డైరెక్టరీలోంచి తీసుకునేటప్పుడు కూడా చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారో చూడండి. ఇక వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో ఉచిత బ్లాగుంటే ఈ ప్లగిన్ల గొడవే లేదు, అక్కడ వేసుకోనివ్వరు, వాళ్ళిచ్చే స్టాట్సే గతి. గూగుల్ వద్దనుకునేవాళ్ళకి మటోమో ఉంది, 2018 దాకా దాని పేరు పివిక్, డేటా మీ సర్వర్లోనే ఉంటుంది.

వీటన్నిటికంటే అక్కకి పనికొచ్చింది సెర్చ్ కన్సోల్. అది ఎంతమంది వచ్చారన్నదానికంటే ఏం వెతుక్కుంటూ వచ్చారో చెప్తుంది, ఇంకా మీ పేజీ గూగుల్‌లో కనిపించినా ఎన్నిసార్లు నొక్కకుండా పోయారో కూడా. పదహారు నెలల లెక్క ఉంచుతుంది, ఇది పండగల మీద నడిచే బ్లాగుకి వరం, పోయిన సంక్రాంతినీ ఈ సంక్రాంతినీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు, కాకపోతే మే నెల సగం కాకముందే చూసుకోవాలి, ఆలస్యం చేస్తే పాత జనవరి జారిపోతుంది. ఉగాది పచ్చడి పోస్టుకి ఏడాదంతా ఈగలు తోలుకోవడమే, పండగ ముందు రెండు రోజులు మాత్రం జాతర. అక్క దగ్గర చూస్తే జనం తెలుగులో వెతికేదానికంటే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి వెతికేదే ఎక్కువ, అది కూడా తలా ఒక స్పెల్లింగుతో, సకినాలుకే ఏడు రకాలు కనిపించాయి.

ఆ లిస్టు కిందికి జరుపుతూ పోతుంటే ఒక ప్రశ్న దొరికింది, సకినాలు గట్టిగా ఎందుకొస్తాయి అని. రకరకాల మాటల్లో అదే ప్రశ్న, చాలాసార్లు కనిపించింది, నొక్కినవాళ్ళు దాదాపు లేరు. అక్క పోస్టులో ఎంత బియ్యం, ఎన్ని నువ్వులు, వాము ఎంత అన్నీ ఉన్నాయి, ఈ ముక్క లేదు. "పిండిల తడి ఆరిపోతే గట్టిగైతయ్, బట్ట కప్పి పెట్టుకోవాలె, గంతే గదా, గిది కూడా రాయాల్నా? ఎవలకు తెల్వదు?" అంది. తెలియనివాళ్ళే అక్కా గూగుల్‌ని అడిగేది అన్నాను. చల్లారిన చాయ్ మళ్ళీ వేడి చేయమని బావకి చెప్పి, మూడు ట్యాబులూ మూసేసి కొత్త పోస్టు తెరిచింది.